ధనియాలు చల్లిన చెయ్యి

మొన్న మా పక్కవాటాలోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, పగిలిన బకెట్టులో మట్టి పోసి ధనియాలు చల్లింది. పదిహేను రోజులైనా ఒక్క మొలకా రాలేదు. వాళ్ళ అత్తగారు గుమ్మంలో నిలబడి, నవ్వుతూనే, "కొందరి సేతికి రాదమ్మా, ఏటి సేస్తాం" అంది. ఆ అమ్మాయి కూడా నవ్వింది గానీ చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

నేను లేచి వెళ్ళి మట్టి కెలికి చూశాను. గింజలు వేసినవి వేసినట్టే గుండ్రంగా ఉన్నాయి. "ధనియం బద్దలు చేసి వెయ్యాలి. దీని చేతిదేం తప్పు లేదు" అన్నాను. అత్తగారు ముఖం ముడుచుకుంది. నాకు చాలా తృప్తిగా ఉంది. ఆ తృప్తి నాకు నేర్పిన మనిషి నలభై ఏళ్ళ కిందట విజయనగరంలో మా పక్కింట్లో ఉండేది. వీధంతా ఆవిణ్ణి 'అప్ప' అని పిలిచేవాళ్ళం, మా వైపు అక్కని అలాగే అంటాం. అసలు పేరు నేను చెప్పను.

పొడుగ్గా, ఎముకలు తేలిన మనిషి. నడుస్తూంటే మడమల చప్పుడు పక్కింటికి వినిపించేది. నుదుట ఎంతో పెద్ద కుంకుమ బొట్టు ఉండేది. మొగుడు విశాఖపట్నంలో రెండో పెళ్ళి చేసుకుని కాపురం చేస్తున్నాడు. ఈవిడ అన్నగారి పంచన ఉంది. అయినా బొట్టు అంగుళం తగ్గలేదు. "ఆడు బతికే ఉన్నాడు కదా. నానెందుకు తగ్గించాల" అనేది.

అన్నగారికి పచారీ కొట్టు. కొట్లోకి కొత్తగా ధనియాల బస్తా వచ్చిందంటే మొదటి దోసెడు అప్పది. వాటిని పెరటి గచ్చు మీద పరిచి, పైన పీట వేసి, పీట మీద తను కూర్చునేది. కూర్చుని ముందుకీ వెనక్కీ జరిగేది. కింద గింజలు కరకరమని రెండేసి బద్దలయ్యేవి. పీట ముందుకు జరిగినప్పుడు "మొలవదంట" అనేది. వెనక్కి జరిగినప్పుడు "నా సేతిలో" అనేది. "మొలవదంట. నా సేతిలో. మొలవదంట. నా సేతిలో." గోడకి ఇవతల నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. మొదట్లో అదేదో పాట అనుకున్నాను.

బద్దల్ని ఒక పూట నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, నీళ్ళ కుండ పక్కన పెట్టేది. ఇసకా, మగ్గిన పేడ పొడీ కలిపిన మట్టిలో చల్లి, పైన తడిపిన గోనె కప్పేది. పగిలిన కుండల అడుగులు, నూనె డబ్బాలు, నూతి పక్కన బెత్తెడు నేల, ఎక్కడ చూసినా కొత్తిమీరే. రోహిణి కార్తెలో ఊళ్ళో గడ్డి కూడా మాడిపోతూంటే, వాళ్ళ ఉత్తరపు చూరు కింద తాటాకుల నీడలో జానెడేసి ఎత్తున పచ్చగా నిలబడేది.

కోసి వీధంతా పంచేది. ఇచ్చే పద్ధతి కూడా ఒకటుంది. గుమ్మంలో నిలబడి, కట్ట ఉన్న చెయ్యి చాపి, "సూడు" అనేది. మనం కట్టని కాదు, ఆవిడ చేతిని చూడాలి. చూసేదాకా కట్ట వదిలేది కాదు.

కానీ ఆవిడ కొత్తిమీర తినేది కాదు. తన చారు విడిగా తీసుకుని, అందులో ఆకు పడకుండా చూసుకునేది. "ఆ కంపు నాకు పడదు" అంది ఒకసారి. మరెందుకు పెంచుతావప్పా అంటే గడ్డంతో దక్షిణం వైపు చూపించింది, విశాఖపట్నం వైపు. "ముసల్దాని కోసం" అంది.

ముసల్ది అంటే అత్తగారు. ఆ కథ అప్ప నాకు కలుపు తీస్తూ చెప్పింది, ఎవరి గురించో చెబుతున్నట్టు. కడుపొచ్చి మూడుసార్లు నిలవలేదు. మొదటిసారి పోయాక అత్తగారు, "దీని సెయ్యి మంచిది కాదు" అని ఊరగాయ జాడీలు ముట్టనివ్వలేదు. రెండోసారి పోయాక పెరట్లో మొక్కకి నీళ్ళు పొయ్యనివ్వలేదు. మూడోసారి పోయాక చుట్టాలందరినీ పిలిచి కూర్చోబెట్టి, కోడలి చేతిలో గుప్పెడు ధనియాలు పోసి, చల్లమంది. మొలిస్తే ఇంట్లో ఉంటుంది, మొలవకపోతే లేదు.

"బద్దలు సెయ్యాలని నాకెవులు సెప్పేరు. గట్టి బంకమట్టి. గింజలు ఎలాగేసినవి అలాగే ఉన్నాయి" అంది అప్ప. "పన్నెండో రోజున 'సూసేరా' అంది ముసల్ది. అంతే. నా పెట్టె బండెక్కించీసేరు. ఆడు బండి పక్కనే నిలబడ్డాడు. కళ్ళెత్తలేదు."

నేను తల వంచుకుని కలుపు పీకుతూనే ఉన్నాను. నాకూ పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లల్లేరు. మా అత్తగారు ఇంకా పైకి ఏమీ అనలేదు గానీ అనడానికి తగిన మాట వెతుక్కుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

యుద్ధం రోజుల్లో విశాఖపట్నం మీద బాంబులు పడ్డ వేసవి అది. రైళ్ళ మీద, ఎడ్లబళ్ళ మీద, కాలినడకన జనం మా ఊరికి వచ్చి పడ్డారు. అద్దెకి గది దొరకలేదు. అరుగుల మీద వంటలు చేసుకున్నారు. ఒక ఉదయం అప్ప వాళ్ళింటి ముందు జట్కా ఆగింది. తెల్లగా, పొట్టిగా, బుగ్గలు నిండుగా ఉన్న ఒక ముసలావిడ దిగింది. వెనకే నలభై ఐదేళ్ళ మగమనిషి, ఒక నిచ్చెన మెట్టంత సన్నటి ఆడమనిషి దిగారు. మగమనిషి కళ్ళు నేల మీదే ఉన్నాయి. చూడగానే అతనెవరో నాకు తెలిసిపోయింది.

అప్ప అన్నగారు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇది నా కోడలి పుట్టిల్లు నాయనా. ఈ రోజుల్లో ఇంకెక్కడికి ఎల్లమంటావు" అంది ముసలావిడ. గొంతు పాయసంలా ఉంది.

అన్నగారి మెడ ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోగా వెనక నించి అప్ప వచ్చింది. "రానీ అన్నా. పెరటి గది కాళీగానే ఉన్నాది" అంది. చెంబుతో నీళ్ళు తెచ్చి వాళ్ళ కాళ్ళకి తనే ఇచ్చింది.

మా అరుగు మీంచి చూసి, ఎంత పెద్ద మనసు అనుకున్నాను.

ముసలావిడ వారం తిరిగేసరికి మా వీధినంతా చుట్టేసింది. ఏడుగురిని కని, ఏడుగురినీ దక్కించుకున్న మనిషి. "నా సేతి కింద రాయైనా సిగురేస్తాది" అని అరచెయ్యి చాపి చూపించేది. అది ఆవకాయల కాలం. ప్రతి ఇంటివాళ్ళూ జాడీలో మొదటి గుప్పెడు ఉప్పు ఆవిడ చేత వేయించుకున్నారు. మా అత్తగారు కూడా పిలిచింది. ఆవిడ ఉప్పు వేసి, నన్ను చూసి, "పిల్లని దూరంగా ఉండమనమ్మా" అంది. మా అత్తగారు నన్నొకసారి చూసింది. ఇన్నాళ్ళూ వెతుక్కుంటున్న మాట దొరికినట్టు చూసింది.

రెండో కోడల్ని మేము చిన్నావిడ అనేవాళ్ళం. పదమూడేళ్ళ కాపురంలో ఆవిడకీ పిల్లల్లేరు. తల వంచుకుని అంట్లు తోమేది, బట్టలుతికేది. ఒక సాయంత్రం పెరట్లో కొత్తిమీర ముందు వంగి, ఒక ఆకు ముట్టుకోబోయింది. వసారాలోంచి ముసలావిడ మెత్తగా అంది: "ముట్టకే అమ్మా. నువ్వు ముడితే ఎండిపోతాది."

అప్ప నూతి దగ్గర నీళ్ళు తోడుతోంది. నేను నా బిందెతో పక్కనే ఉన్నాను. చేద సగంలో ఉండగా తాడు ఆగింది. అప్ప మళ్ళీ లాగి, నీళ్ళు బిందెలో పోసి, తాడు చుట్టలు చుట్టి గిలకకి తగిలించింది. మర్నాడు పొద్దున్న మా అత్తగారు గుడికి వెళ్ళాక పెరటి తలుపులోంచి వచ్చింది. కొంగులో దోసెడు ధనియాలున్నాయి.

"పొయ్యి మీద మూకుడెట్టు పిల్లా. మా ఇంట్లో అయితే వాసన తెలిసిపోతాది."

"ఎందుకప్పా?"

"సన్నటి సెగ మీద ఏపు. రంగు మారకూడదు. పేనం పోవాల, అంతే."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోను. మంట తగ్గించి, అరచేత్తో కలుపుతూ, గింజ వేలికి కాలేదాకా వేపాను. మా అత్తగారు నాకు పెట్టబోయే చెడ్డపేరు కూడా ఆ మూకుట్లో వేగిపోతున్నట్టు హాయిగా అనిపించింది. వేగాక ఆవిడ చేటలో పోసి రోజంతా గాలికి ఆరబెట్టించింది. వాసన పోయాక పీట కింద బద్దలు చేసి, నానబెట్టి మూటగట్టింది. ఇంకో మూటలో మంచి గింజలు కట్టింది.

రెండు రోజుల తరవాత, మా అత్తగారితో సహా నలుగురైదుగురు ఆడవాళ్ళు వాళ్ళ పెరట్లో కూర్చుని ఉండగా అప్ప అంది: "అత్తా, నీ సేత్తో ఓ మడి సల్లు. పక్కని సిన్నది ఓ మడి సల్లుతాది. నిన్ను సూసి నేర్సుకుంటాది."

ముసలావిడ మురిసిపోయింది. కుడిచెయ్యి కడుక్కుని, పైట సవరించుకుని, గింజలు చల్లింది. చిన్నావిడ అత్తగారి చేతినే చూస్తూ చల్లింది. అప్ప రెండు మడుల మీదా తడి గోనె కప్పింది. ఇద్దరి గింజలకీ నీళ్ళు తనే పోసింది, ఒకే చెంబుతో, సమంగా.

తొమ్మిదో రోజున చిన్నావిడ మడిలో తెల్లటి తలలు లేచాయి. ముసలావిడ మడి నున్నగా ఉంది. పన్నెండో రోజున కూడా నున్నగానే ఉంది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

"ఇటు ఎండ ఎక్కువ" అంది ముసలావిడ.

"అవునత్తా. మడులు మార్చుకోండి" అంది అప్ప.

మార్చుకున్నారు. మళ్ళీ నేనే వేపాను. మళ్ళీ చిన్నావిడ చల్లినవే మొలిచాయి. అప్పటికి ఆలస్యంగా మామిడికాయలు దొరికినవాళ్ళు ఇంకా ఊరగాయలు పెట్టుకుంటున్నారు. మూడిళ్ళ అవతలి వాళ్ళు ఉప్పు వెయ్యడానికి మనిషిని పిలవడానికొచ్చారు. వసారాలో ముసలావిడ చీర సర్దుకుని లేచింది. వాళ్ళు ఆవిణ్ణి దాటుకుని వెళ్ళి, "సిన్నమ్మా, ఓసారి రాయే" అని చిన్నావిణ్ణి పిలిచారు.

ముసలావిడ లేచినది లేచినట్టే నిలబడిపోయింది. ఆ తరవాత నించి పొద్దున్నే నిద్ర లేవగానే పెరట్లోకి వెళ్ళి గోనె ఎత్తి చూసుకునేది. మట్టిని వేలితో కదిపేది. తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకునేది. బుగ్గలు దిగజారాయి. అన్నం సగంలో వదిలేసేది. మా అత్తగారు నాతో, "పాపం, ఆవిడ సేతికేటయిందో" అంది. ఆ 'పాపం' విన్నాక నాకు భయమేసింది.

గోడ దగ్గర అప్పని పట్టుకుని, "ఇంక చాలప్పా. కుంగిపోతన్నాది" అన్నాను.

అప్ప నన్ను చూసింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో. "నాకు మూడుసార్లు పోయాయి పిల్లా. దానికింకా రెండే అయ్యాయి" అంది. "నువ్వు ఏపకపోతే నాను ఏపుకుంటాను. ఏపనంటావేటి?"

నేను మూకుడు పెట్టాను.

మూడోసారి ముసలావిడ మూట తీసుకోలేదు. "ఈసారి నానే బద్దలు సేసుకుంటాను, నానే నానేసుకుంటాను. పొడి గింజలియ్యి" అంది. ఇలా అడుగుతుందని అప్ప అనుకుందో లేదో నాకు తెలీదు. గింజలు మాత్రం ఇచ్చేసింది, వేపినవే. పెరట్లో మేమందరం ఉన్నాం. మొగుడు వసారా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ముసలావిడ దోసిట్లో గింజలు చూసుకుని, అలవాటు కొద్దీ రెండు నోట్లో వేసుకుని కొరికింది. నమలడం ఆపింది. ఇంకో నాలుగు తీసి కొరికింది.

ఆవిడ ముఖంలోకి రక్తం తిరిగి రావడం నేను చూశాను. బతికాననుకున్నదాని ముఖం అది.

"ఇవి ఏపిన గింజలే" అంది గట్టిగా, వీధి వినేలా. "ఒలే, నువ్వు నాకు ఏపిన గింజలిచ్చేవు. మూడుసార్లూ ఏపినవే ఇచ్చేవు. సూసేరామ్మా దీని పని? ఏపిన గింజ ఎవులి సేతిలో మొలుస్తాది? బ్రెమ్మ సల్లినా మొలవదు. గింజలో లోపం ఎట్టుకుని సేతినంటారేటి?"

అప్ప నూతి గట్టు మీద కూర్చుని ఉంది. లేవలేదు. గొంతు పెంచలేదు.

"మళ్ళీ సెప్పత్తా" అంది.

ముసలావిడ నోరు తెరిచింది, మళ్ళీ అదే చెప్పడానికి. చెప్పలేదు. ఏమన్నదో తనకి అప్పుడు వినపడింది. తల తిప్పి స్తంభం దగ్గర కొడుకుని చూసింది. మేమూ అతని వైపే చూశాం. ఇద్దరు పెళ్ళాలు, రెండు కాపురాలు, పిల్లలు ఒక్కరూ లేరు.

"పదారేళ్ళ బట్టి నాను అనుకుంటన్నది అదే" అంది అప్ప. "నా నోటితో అంటే నమ్మరని నీ సేత అనిపించేను."

చిన్నావిడ చేతిలో చెంబు కింద పెట్టింది. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, మొగుడి ముఖంలోకి సూటిగా చూసింది. నిజంగా లోపం అతనిదో కాదో నాకు తెలీదు. మూడు కడుపులు ఎందుకు పోయాయో చెప్పే డాక్టరు ఆ రోజుల్లో మాకెవరూ లేడు. కానీ ఆ పెరట్లో ఆ రోజు తీర్పు జరిగిపోయింది. అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మూడు రోజుల్లో వాళ్ళు బొబ్బిలి వైపు ఎవరో చుట్టాలున్నారని బండి కట్టించుకున్నారు. వెళ్ళేముందు అప్ప వాళ్ళకి పులిహోర మూట కట్టి ఇచ్చింది. ముసలావిడ బండెక్కి కూర్చుని, మూట ఒళ్ళో పెట్టుకుని, "నీ కడుపు మంట సల్లారిందేటి?" అని అడిగింది. తిట్టినట్టు అనలేదు. నిజంగానే అడిగింది.

"లేదత్తా. ఇంకా ఉన్నాది" అంది అప్ప.

బండి కదిలింది. చిన్నావిడ వెనక్కి తిరిగి కూర్చుని, వీధి మలుపు దాకా అప్పనే చూస్తూ వెళ్ళింది. ఆ ఏడాది చివరికి ఆవిడ తన పుట్టింటికి వెళ్ళిపోయిందనీ, తిరిగి రాలేదనీ, మొగుడు వెళ్ళి పిలిస్తే గుమ్మంలోంచే పంపేసిందనీ తెలిసింది. ఆ కబురు విన్నరోజు అప్ప రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

మా అత్తగారు మళ్ళీ ఎప్పుడూ నా చేతి మాట ఎత్తలేదు. వీధిలో ఇంకెవరూ ఎవరినీ ఆ మాట అనలేదు. అనాలంటే ముందు తమ కొడుకుల్ని చూసుకోవలసి వచ్చేది.

అప్పని మంచిది అని నేను అనను. పిలిచి, కాళ్ళకి నీళ్ళిచ్చి, ఆ మనిషినే నెల్లాళ్ళు వేపుకు తినడం మంచితనం కాదు. ముసలావిడ గోనె ఎత్తి చూసుకునే ఆ పొద్దులు నాకిప్పటికీ కళ్ళకి కడతాయి. అయినా మూకుడు పెట్టమని మళ్ళీ ఎవరైనా అడిగితే పెట్టనని చెప్పలేను.

రెండేళ్ళ తరవాత, యుద్ధం ఇంకా నడుస్తూండగానే, విశాఖపట్నం నించి కార్డు వచ్చింది. అన్నగారు కొట్లో చదువుకుని, మధ్యాహ్నం కాకుండానే ఇంటికొచ్చాడు. గోడ ఇవతలికి నాకు వినిపించింది.

"మీ అత్త పోయిందంట. ఎంత సెడ్డా నువ్వు కోడలివే కదే. తలకి పోసుకోవాల."

కొంతసేపు చేట చప్పుడు వినిపించింది. అప్ప చెరుగుతున్న బియ్యం చెరగడం పూర్తిచేసి, డబ్బాలో పోసి మూత పెట్టింది. తరవాత గోడ దగ్గరకొచ్చి నన్ను పిలిచింది. "పిల్లా, మీ ఇంట్లో నువ్వుల నూనున్నాదా? గోరెచ్చగా సేసి పట్రా. సున్నిపిండి కూడా."

నేను గిన్నెతో వెళ్ళేసరికి తడికల స్నానాల గదిలో పీట మీద కూర్చుని జుట్టు విప్పుకుంటోంది. సగం నెరిసింది, ఇంకా నడుం దాకా ఉంది.

"మైల స్నానానికి నూనేటప్పా?" అన్నాను.

"మైల అన్నయ్యకి ఉండనీ. నాకు పండగ. రాయి."

రాశాను. మాడు మీద, చెవుల వెనక, మెడ మీద, పండగపూట కొత్తపెళ్ళికూతురికి రాసినట్టు రాశాను. ఏడుస్తుందేమోనని వంగి చూశాను. కళ్ళు మూసుకుని, హాయిగా, పెదాలు బిగించి కూర్చుంది. బయట అన్నగారు మసలుతున్నాడు. ఇంట్లో అందరి స్నానాలూ అవ్వాలి, వంట మొదలవ్వాలి.

"ఇంకా ఎంతసేపే?" అన్నాడు తడిక అవతలి నించి.

"అవుతాది అన్నా" అంది అప్ప, కళ్ళు తెరవకుండా. "పద్దెనిమిదేళ్ళ మైల. అంత వేగిరం వదలదు."